దుమ్ములగొండి నవ్వు

కిందటి వారం మీరు నన్ను వదిలినప్పటికి నేను స్కూటర్ వెనక సీటు మీద ఉన్నాను. నెమలికంఠం రంగు పట్టుచీర చక్రంలో పడకుండా ఒళ్లోకి కుక్కుకుని, నాగోల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్తున్నాను. మాఘమాసంలో పెళ్లయింది, ఇది దసరా నెల. అయినా కొత్తపేట సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, వినయ్ వీపుకి తల ఆనించకుండా ఉండలేను. పక్క ఆటోలోని పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నిటికీ నవ్వే వస్తోంది.

రాదా మరి! వినయ్ పనిచేసిన బొమ్మల సినిమా పూర్తయింది. మనమంతా చిన్నప్పుడు చదువుకున్న చుక్కమేక కథకి రెండో భాగం. మందలోంచి తప్పిపోయి, తోడేలు కళ్లుగప్పి ఇల్లు చేరిన ఆ మేకపిల్ల ఇప్పుడు తానే తల్లయింది. ఆ తల్లిమేక నడకా, చూపూ, నవ్వూ మా అమ్మవి. మీర్‌పేట్‌లో జాకెట్లు కుట్టే యాదలక్ష్మి సినిమాలో తల్లిమేక! పెళ్లయిన కొత్తలో వినయ్ మా ఇంటికొచ్చి, ఆవిణ్ని నడిపించి, నవ్వించి, వంగమని, లెమ్మని ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. బొమ్మలకి ప్రాణం పోసేవాళ్లు ముందు మనుషుల్ని అలా తీసుకుని, తర్వాత వాళ్ల కదలికలు చూసి గీస్తారట. అప్పటి నుంచి అమ్మ జాకెట్ కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. "మా అల్లుడు నన్ను సినిమాల పెట్టిండు."

సినిమా విడుదల వచ్చే ఆదివారం, ఎల్బీనగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో, పిల్లల కోసం. ఈ రోజు మాత్రం పనిచేసినవాళ్ల ఇళ్లవాళ్లకి. బతుకమ్మ జాకెట్లు మీద పడి ఉన్నాయని అమ్మ రాలేనంది. "నువ్వు చూసొచ్చి చెప్పు బిడ్డా, నేను మంచిగ ఉన్ననో లేదో," అంది.

స్టూడియో ఒక కోచింగ్ సెంటర్ పైన ఉంది. కింద పిల్లలు ఏవో సూత్రాలు గట్టిగా వల్లిస్తుంటే, ఆ శబ్దం మెట్ల మీదుగా మాతో పాటే పైకొచ్చింది. లోపల తెల్లగోడకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, కాగితం కప్పుల్లో టీ. మా అత్తయ్య ఇందిరాదేవి వనస్థలిపురం నుంచి ముందే వచ్చి నాకు పక్క కుర్చీ ఆపి ఉంచారు. కూర్చోగానే నా కొంగు సర్దారు. "ఈ రంగు నీకు ఎంత బావుందో అమ్మాయ్," అన్నారు. నాకు ఆవిడంటే ఇష్టం. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో ఆవిడ తప్పు లేదు.

లైట్లు ఆర్పారు. కొండ మీద ఎండ పడింది, గడ్డి ఊగింది. ఆ గడ్డి వినయ్ గీసిందని తెలిసి దానికి కూడా చప్పట్లు కొట్టాను. తల్లిమేక వచ్చింది. మెడ కొద్దిగా పక్కకి వాల్చి, అడుగులో అడుగేసుకుంటూ, పిల్లల వైపు తిరిగి, "రండమ్మా, మెల్లిగా రండి, పడతారు," అంది.

మెడ అలా వాల్చేది మా అమ్మ కాదు. మా అమ్మ అడుగులో అడుగేసుకుంటూ నడిచిన రోజు నేను చూడలేదు. పక్కకి చూశాను. అత్తయ్య మెడ వాల్చి, మురిసిపోతూ చూస్తున్నారు.

"అయ్యో, ఇది నేనే కదూ?" అన్నారు గుసగుసగా. "వెధవ, ఒక్క ముక్క చెప్పలేదు నాకు!"

పోనీలే, అమ్మ ఇంకో మేకేమో, మందలో పెద్దమ్మ మేకో, పొరుగు మేకో అనుకున్నాను. ఒక్కొక్క మేకనే చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు గుహలోంచి నవ్వు వినపడింది.

ముందు నవ్వే వచ్చింది, మనిషి రాలేదు. గొంతులో మొదలై, ముక్కులోకి ఎగిరి, మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్లీ రెట్టింపుగా విరుచుకుపడే నవ్వు. కళ్లు మూసుకున్నా నేను గుర్తుపడతాను. అది విని పెరిగినదాన్ని. గుహలోంచి ఒక దుమ్ములగొండి బయటికొచ్చింది. ముందు భాగం ఎత్తు, వెనక భాగం దిగుడు, ఒళ్లంతా చారలు. పేరు గొండమ్మ. ఎడమ వైపు ఒక పన్ను ముందుకి తోసుకొచ్చి ఉంది. ఎముకని దవడ పక్కకి తోసి, ఒక కన్ను మూసి, పటుక్కున కొరికి, లోపలి మూలుగ జుర్రుకుని, తొడ మీద చరుచుకుంటూ నవ్వింది.

"గా మేకపిల్లలు ఏడికి పోతయే? మస్తు ఆకలైతుంది నాకు!"

గది గదంతా పడీ పడీ నవ్వింది. మేకలన్నీ ఒకలా మాట్లాడుతున్నాయి, గొండమ్మ ఒక్కతే మా ఇంట్లోలా మాట్లాడుతోంది. స్టూడియో యజమాని బాపిరాజు గారు వెనక వరసలోంచి, "ఏం పట్టావయ్యా వినయ్! చూస్తే చాలు, పిల్లలు జడుసుకుంటారు, నవ్వుకుంటారు," అని అరిచారు. అత్తయ్య నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. నా వైపు తిరిగారు.

"సౌజన్యా... మీ అమ్మగారు కదూ?"

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేశారు. సినిమా అయ్యేదాకా తియ్యలేదు.

చివర్లో మేకలన్నీ కలిసి గొండమ్మని లోయలోకి తోశాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

*

నాగోల్‌లో మా ఫ్లాట్ ఐదో అంతస్తు. కిటికీ తీస్తే మూసీ వాసన వస్తుంది, మూస్తే ఉక్కపోస్తుంది. ఆ రెంటి మధ్య కిటికీని ఎంత తెరవాలో మేమిద్దరం కలిసి కనిపెట్టాం. ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న రెండు కప్పులు, పెళ్లికి ఎవరో ఇచ్చిన గోడ గడియారం, తలుపుకి తోరణం. ప్రతి సాయంత్రం తాళం తీయగానే ఇదంతా మాదే కదా అని నాకు కొత్తగా సంతోషం వేసేది. ఆ సాయంత్రం వెయ్యలేదు.

వినయ్ టీ పెట్టాడు. కప్పు నా ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"అడుగు," అన్నాడు. "దారంతా మాట్లాడలేదు. అడిగెయ్."

"అమ్మ మేక నుంచి గొండమ్మ ఎప్పుడయింది?"

"మధ్యలో మారింది సౌజీ. తల్లిమేక నెమ్మదిగా ఉండాలన్నారు బాపిరాజు సార్. మీ అమ్మగారి కదలికలు చాలా చురుగ్గా ఉన్నాయి. వాటిని పారెయ్యడానికి మనసొప్పలేదు. గొండమ్మకి వాడాను."

నేను నమ్మబోయాను. నిజం చెప్పాలంటే నమ్మాలని చాలా ఆశపడ్డాను. కప్పు కూడా ఎత్తాను. అప్పుడు ఆ ఆదివారం గుర్తొచ్చింది.

పెళ్లయ్యాక కొత్త అల్లుడు మొదటిసారి భోజనానికొచ్చిన ఆదివారం. అమ్మ పొద్దుటే లేచి మటన్ తెప్పించి, బోటి వేరుగా, తలకాయ వేరుగా వండింది. వినయ్ వాళ్లింట్లో ఎముక పక్కన పెట్టేస్తారు. అమ్మ తన పళ్లెంలోంచి మూలుగ బొక్క తీసి, దవడ పక్కకి పెట్టి కొరికి చూపించింది. అంతే, వినయ్ చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాడు. "అత్తయ్యా, అది మళ్లీ ఒక్కసారి!"

"మేక బొక్క తింటదా బాబూ?" అని అమ్మ అడిగింది. ఇల్లంతా నవ్వాం. వినయ్ కూడా నవ్వి, "మేక నెమరు వేసేటప్పుడు దవడ ఎలా కదులుతుందో చూడాలి అత్తయ్యా," అన్నాడు. అమ్మ నవ్వబోయి, ఎప్పట్లాగే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎత్తుపన్ను కనపడుతుందని చిన్నప్పటి నుంచీ ఆవిడకి అది అలవాటు. మా పెళ్లి ఫొటోలన్నింట్లో ఆవిడ నోటి మీద చెయ్యే ఉంటుంది. వినయ్ లేచి వెళ్లి, కొంగు మెల్లిగా పక్కకి తీసి, "మా అమ్మకి కూడా ఇంత మంచి నవ్వు లేదు. దాచకండి," అన్నాడు. అమ్మ నోరారా నవ్వింది. గోడకి ఆనుకుని నేను వాళ్లిద్దరినీ చూస్తూ, నా అంత అదృష్టవంతురాలు ఈ మీర్‌పేట్‌లో ఉందా అనుకున్నాను.

"వినయ్," అన్నాను, "ఆ రోజు బొక్క కొరకమన్నప్పుడు మా అమ్మ మేకేనా?"

తను తన కప్పు దగ్గరికి లాక్కున్నాడు.

"నెమరుకి దవడ చూడాలంటే గడ్డి నమలమనొచ్చు. తమలపాకు నమలమనొచ్చు. బొక్క ఎందుకు కొరకమన్నవ్?"

కోపమొస్తే నా మాట మీర్‌పేట్‌కి వెళ్లిపోతుంది. తనకది తెలుసు. కప్పు చెవి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"కాదు," అన్నాడు చివరికి. "ఆ రోజే గొండమ్మ."

"మరి మేక అని ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెబితే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది."

ఈ మాట తను దురుసుగా అనలేదు. దాచుకోకుండా, తన పని గురించి తను చెప్పుకున్నట్టే అన్నాడు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"సౌజీ, ఇన్నేళ్లూ నేను గీసినవన్నీ బొమ్మలే. గొండమ్మ ఒక్కటే ప్రాణి. ఈ సినిమాలో పిల్లలు గుర్తుపెట్టుకునేది దాన్నే, మేకని కాదు. అత్తయ్యని తక్కువ చెయ్యడానికి కాదు, నిజంగా."

"అయితే మీ అమ్మని గొండమ్మని చేసి, మా అమ్మని మేకని చేయాల్సింది."

"అమ్మ అలా ఉండదు కదా!"

తన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. వచ్చాక తనకీ వినపడింది. కిటికీ వైపు చూశాడు.

"నవ్వన్నా తీసెయ్," అన్నాను. "బొమ్మ మార్చలేవు, నాకు తెలుసు. నవ్వు మాత్రం మార్చు. డబ్బింగ్ చెప్పినామెతో నవ్వించు. ఆదివారం దాకా టైమ్ ఉంది."

"నవ్వించాం. రాలేదు. తాత్కాలికంగా పెట్టుకున్న అత్తయ్య నవ్వే సార్‌కి నచ్చి ఉంచేయమన్నారు." గొంతు తగ్గించాడు. "మూడో భాగానికి డైరెక్షన్ నాకిస్తానన్నారు. ఆ నవ్వు విన్నాకే అన్నారు. ఇప్పుడు వెళ్లి అది తీసెయ్యండి, మా అత్తగారిది అని చెప్పనా?"

"చెప్పు."

"చెప్పలేను సౌజీ."

నా టీ చల్లారిపోయింది. పారబోసి కప్పు కడిగాను. తన కప్పు కడగలేదు. పెళ్లయ్యాక ఒక కప్పు కడిగి రెండోది వదిలెయ్యడం అదే మొదలు.

*

మర్నాడు పొద్దున అమ్మ వచ్చింది.

చెప్పకుండా, ఆటోలో, పెద్ద గుడ్డసంచి పట్టుకుని. మా ఫ్లాట్‌కి కర్టెన్లు కుట్టి ఇస్తానని ఎప్పుడో మాటిచ్చింది. బతుకమ్మ గిరాకీలో కూర్చుని ఎప్పుడు కుట్టిందో, పసుపుపచ్చవి, అంచుకి సన్నటి ఎర్ర పట్టీ. సంచి విప్పుతుంటే ఒక్క క్షణం నాకు నిన్నటిదంతా మరుపుకొచ్చి, "అబ్బ, ఎంత బాగున్నయే!" అని అరిచాను.

"మంచిగున్నయా?" అంది అమ్మ. నోటి మీద కొంగు ఉంది.

నవ్వడం లేదు. ఉత్తి మాట మాట్లాడుతూనే కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఆదివారం తర్వాత వదిలేసిన అలవాటు. నాకు అర్థమైంది. వినయ్‌కి అర్థం కాలేదు.

"రండి అత్తయ్యా, టిఫిన్ చేద్దురు గాని."

"తిన్న బాబూ. స్టూల్ ఉన్నదా? ముందుగాల ఇవి కడదం."

స్టూల్ ఎక్కింది. "జర పట్టుకోండ్రి, ఊగుతుంది," అంది. వినయ్ వంగి స్టూల్ రెండు చేతులా పట్టుకున్నాడు. అమ్మ వీపు మాకు, మొహం కిటికీకి. రాడ్డుకి ఒక్కో రింగు ఎక్కిస్తూ అడిగింది.

"వినయ్ బాబూ, నా ఎత్తుపన్ను ఏ దిక్కున్నది?"

"ఎడమ వైపు," అన్నాడు వినయ్, వెంటనే.

"మస్తు యాది పెట్టుకున్నరు. సౌజన్య వాళ్ల నాయిన్ను అడిగితె చెప్పలేకపోయిండు. ఇన్నేండ్ల కాపురం."

స్టూల్ పట్టుకున్న వినయ్ వేళ్లు బిగుసుకున్నాయి. తల ఎత్తి నా వైపు చూశాడు, నువ్వే చెప్పావా అన్నట్టు. నేను లేదని తలూపాను.

"మీరు ఫోన్ల ఇడిచిన్రంట గదా, సినిమాలది చిన్న ముక్క. నిన్న మా గల్లీ సైదమ్మ జాకెట్ ఏసుకొని చూడనీకొచ్చి, అక్కా, గీ గొండమ్మ నీ లెక్కనే నవ్వుతందని చూపెట్టింది. నేను కాదు పో, నేను మేకను అన్న. అని నవ్విన." అమ్మ ఇంకో రింగు ఎక్కించింది. "నేను నవ్వుతున్న, ఫోన్ల అది నవ్వుతుంది. రెండు ఒక్కటే తీరుగ ఇనొచ్చినయి. సైదమ్మ ఫోను బందు చేసింది. పాపం, ఆమె మొకమే చిన్నగైంది."

"అత్తయ్యా, దిగండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"కడ్తున్న గద. మాట్లాడుండ్రి."

"అది చెడ్డ పాత్ర అని కాదు అత్తయ్యా. సినిమాకి ప్రాణం అదే. అందరూ గొండమ్మనే మెచ్చుకున్నారు."

"మీ అమ్మ గూడ చూసిందా?"

"చూసింది."

"మెచ్చుకున్నదా?"

"నవ్వింది," అన్నాడు.

"ఆమెను ఏం చేసిన్రు సినిమాల?"

కింద రోడ్డు మీద ఎవరో ఆటో స్టార్ట్ చెయ్యలేక లాగుతున్నారు. చివరికి నేనే చెప్పాను.

"అత్తయ్యది మేక, అమ్మా."

అమ్మ చేతులు ఆగాయి. ఎంతోసేపు కాదు. చివరి రింగు ఎక్కించి, రాడ్డు కొక్కేల్లో పెట్టి, కర్టెన్ ఒకసారి అటూ ఇటూ లాగి చూసుకుని, అప్పుడు స్టూల్ దిగింది. వినయ్ చెయ్యి అందించాడు. పట్టుకోలేదు.

"మటన్ మంచిగున్నదని రెండుసార్లు పెట్టించుకున్నరు ఆనాడు," అంది. "నాకు మస్తు సంబురమైంది. బొక్క కొరకమంటె కొరికిన. చిన్నతనం అనుకోలేదు. అల్లుడే గద, ఇంటి మనిషే గద అనుకున్న."

"నన్ను క్షమించండి అత్తయ్యా."

"సినిమాల నవ్వు తీస్తరా?"

నేను వినయ్‌నే చూశాను. రాత్రంతా పడుకోలేదని కళ్లే చెబుతున్నాయి. ఒక్క మాట చాలు. సార్‌తో మాట్లాడి చూస్తాను అని అబద్ధమైనా చాలు. తను కొత్త కర్టెన్ వైపు చూస్తూ, "ఇప్పుడు కుదరదు అత్తయ్యా," అన్నాడు.

అమ్మ తలూపింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఎవరైనా జాకెట్ పండగలోపు కావాలంటే, కుదరదని తను చెప్పేటప్పుడు వాళ్లు తలూపినట్టు ఊపింది.

"సరే. నేనైతే ఆదివారం వస్త," అంది.

"అమ్మా, ఒద్దే!"

"ఎందుకొద్దు? గల్లీ అంతటికి చెప్పుకున్న, మా అల్లుడు నన్ను సినిమాల పెట్టిండని. అందరు తయారైన్రు, పిల్లగాండ్లను తీస్కొని. ఇప్పుడు నేను ఇంట్ల కూసుంటె, వాళ్లే చూసొచ్చి చెప్తరు నాకు, నేను ఎట్లున్ననో. అట్ల వద్దు. వాళ్ల నడుమనే కూసుంట. నవ్వేటోళ్లు నా మొకం ముంగట్నే నవ్వని."

ఖాళీ సంచి మడతపెట్టి చంకలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్లి చెప్పులేసుకుంది. తోరణం కింద నిలబడి ఇటు తిరిగింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నోటి మీది కొంగు తీసింది.

"మీ అమ్మ, మా వదినె, ఒస్తది, మీ ఇంటోళ్లందరు ఒస్తరు. మొదటి వరసల మీకు కుర్చీలేస్తరు. నేను ఎనక, మా గల్లీ వాళ్లతోని ఉంట." నా వైపు చూసింది. "నువ్వు ఏడ కూసుంటవ్ బిడ్డా?"

"నా పక్కన, అత్తయ్యా," అన్నాడు వినయ్. "సౌజన్య నా పక్కనే కూర్చుంటుంది."

అమ్మ తన వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నేను మిమ్మల్ని అడగలే," అంది, నన్నే చూస్తూ.